నాన్న డబ్బాలోని వాల్వులు ఎనిమిది యూనిట్లకు రావు

ప్రశ్న

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఎవరో పోల్చుకోకుండా పేర్లు తీసేసి, సంగతులు మాత్రం ఉంచుతున్నాను.

ఆమెకు 37 ఏళ్లు. ఒక కంపెనీలో హార్డ్‌వేర్ ఇంజినీరు. భర్తది బ్యాంకు ఉద్యోగం. ఐదేళ్ల బాబు. నాన్నగారికి కోస్తాలోని ఒక చిన్న పట్నంలో రేడియో రిపేరు షాపు ఉండేది. పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ అద్దెకు తిరిగే మైక్‌సెట్ల యాంప్లిఫయర్లు కూడా అక్కడికే వచ్చేవి. ఈమె సోల్డరింగ్ నేర్చుకున్నది ఆ బల్ల మీదే.

రెండేళ్ల కిందట సరదాకి వాల్వులతో (పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలు) ఒక కంప్రెసర్ కట్టారు, అంటే శబ్దం హెచ్చుతగ్గులను సర్దే పరికరం. 1960ల తొలినాళ్లలో అమెరికాలో జిమ్ లారెన్స్ రూపొందించిన టెలెట్రానిక్స్ ఎల్‌ఏ-2ఏ దీనికి మూలం. దాని ముందు, మైకు నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచే తన సొంత మైక్ ప్రీయాంప్ జోడించారు. గాయని మైకు నేరుగా ఇందులోకే వస్తుంది. గొంతు ఒక్కసారిగా పెరిగినచోట ఇదే సర్ది రికార్డింగుకు పంపుతుంది. సౌండ్ ఇంజినీరుగా పనిచేసే పిన్ని కొడుకు దాన్ని తన స్టూడియోలో వాడాడు. ఆ రికార్డింగు విన్న ఒక స్టూడియో యజమాని, తనకూ తెలిసినవాళ్లకూ కలిపి ఎనిమిది యూనిట్లు అడిగారు. ఒక్కోటి 1,10,000 రూపాయలు. 3 లక్షల అడ్వాన్సు ఈమె ఖాతాలో వేశారు. దసరాకి ఇచ్చేస్తామని తమ్ముడు ఈమెను అడక్కుండానే మాటిచ్చేశాడు.

ఇక ఆమె మాటల్లోనే: "మొదటి యూనిట్ అద్భుతంగా ఉంది. రెండోదానిలో హమ్ (గుంయ్‌మనే కరెంటు మోత) వస్తోంది. మూడోదానిలో హమ్ లేదు కానీ, కంప్రెషన్ పట్టి వదిలే తీరు వేరుగా ఉంది. తమ్ముడు విని 'అక్కా, ఇది అది కాదు' అన్నాడు. అదే సర్క్యూట్, అవే విలువలు. మొదటిదానిలో నాన్న డబ్బాలో దొరికిన పాత బీఈఎల్ వాల్వులు వేశాను. మిగతావాటిలో కొత్తగా తెప్పించినవి. తేడా వాల్వులదేనా? రెండోదానికి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కోఠిలో చుట్టించాను. అడ్వాన్సులో 1,80,000 సామాన్లకే అయిపోయింది. ఆ స్టూడియో యజమానేమో ముందు పలక మీద ఆ పాత అమెరికన్ పేరే ఉండాలంటున్నారు.

మా వారు మంచివారే. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) కూడా పెట్టించారు. కానీ 'ఉద్యోగమైనా చెయ్యి, ఇదైనా చెయ్యి, డైనింగ్ టేబుల్ మీద మూడొందల వోల్టులు మాత్రం వద్దు' అంటున్నారు. నాన్న సాయానికి వచ్చి ఇక్కడే ఉన్నారు. 71 ఏళ్లు. కరెంటు ఉండగానే ఛాసిస్‌లో (తెరిచిన లోహపు చట్రంలో) చేతులు పెట్టేస్తారు. వద్దంటే 'నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తున్నా' అంటారు. ఉద్యోగం మానేసి పూర్తిగా దీనిలోకి దిగాలా? అడ్వాన్సు తిరిగిచ్చేసి చేతులు దులుపుకోవాలా?"

సమాధానం

మీరు చివర్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు నా దగ్గర లేదు. మీరు కూడా ఇప్పుడే తేల్చుకోవద్దు. ఉద్యోగం మానాలా వద్దా అన్నది మీ రెండో యూనిట్, మూడో యూనిట్ చెప్పాల్సిన జవాబు. ఎనిమిదోది మొదటిదానిలా పలికేలా చేయగలరని తేలితే మీ చేతిలో వ్యాపారం ఉన్నట్టు. లేకపోతే ఉన్నది ఒక మంచి కంప్రెసర్ మాత్రమే. ముందు అక్కడి నుంచి మొదలుపెడదాం. డబ్బు, ఇల్లు, నాన్నగారు అన్నీ దాని వెనకే వస్తాయి.

తేడా వాల్వులదేనా అని అడిగారు. కొంతవరకు అవును. అయితే మీరనుకునే కారణం వల్ల కాదు. బెంగళూరులో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఒకప్పుడు ఫిలిప్స్ సహకారంతో వాల్వులు తయారుచేసేది, మంచి సరుకే. కానీ నాన్నగారి డబ్బాలోకి చేరినవి ఏవి? ఏళ్ల తరబడి మైక్‌సెట్లలో పనిచేసి, హమ్ లేకుండా, ఈల వేయకుండా నిలబడినవే కదా ఆయన దాచి ఉంటారు. గోల చేసేవి ఏనాడో చెత్తబుట్టలోకి పోయుంటాయి. అంటే మీ మొదటి యూనిట్‌లో ఉన్నవి ఏరిన వాల్వులు. ఏరింది మీరు కాదు, ఆయన. రెండో యూనిట్‌లో వేసినవి డబ్బా విప్పి నేరుగా గుచ్చినవి. ఆ స్టూడియో యజమాని డబ్బులిచ్చింది నాన్నగారి ఏరివేతకు కూడా. అది బిల్లులో లేదు.

ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి. 150 ఓంల మైకు కాయిల్ వేడివల్ల పుట్టే హిస్సే ('స్స్'మనే సన్నని గోల) సుమారు మైనస్ 131 డీబీయూ (సిగ్నల్ స్థాయి కొలమానం) ఉంటుంది. అంతకంటే నిశ్శబ్దం ప్రకృతిలోనే లేదు. మీ 1:10 ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 20 డీబీ పెంచి మొదటి వాల్వు గ్రిడ్‌కు ఇస్తే, అక్కడ మైకు హిస్ దాదాపు 2 మైక్రోవోల్టులు. మంచి ఈసీసీ83 (ఇలాంటి పనుల్లో మామూలుగా వాడే చిన్న వాల్వు) సొంత హిస్ 1 మైక్రోవోల్టు ప్రాంతంలో ఉంటుంది, మైకు హిస్ కిందే దాక్కుంటుంది. అదే 4 మైక్రోవోల్టుల వాల్వు పడిందా, గాయని ఊపిరి తీసుకునే ప్రతిచోటా వినపడేది మైకు కాదు, మీ యూనిట్. రెండు వాల్వులూ గిటార్ యాంప్లిఫయర్లో పెడితే ఎవరూ తేడా పట్టలేరు. స్టూడియో గేర్ అక్కడే వేరు.

ఈ బాధ మీ ఒక్కరిదే కాదు. బెర్లిన్‌లోని నాయ్‌మన్ కంపెనీ 1949లో యు47 మైకు తెచ్చింది. దాని ప్రాణమంతా టెలిఫుంకెన్ తయారుచేసే వీఎఫ్14 అనే ఒకే ఒక్క వాల్వులో ఉండేది. వచ్చిన వాల్వులను కొలిచి, మైకుకు పనికొచ్చేంత నిశ్శబ్దంగా ఉన్నవాటి మీదే 'ఎం' అక్షరం వేసేవారు. 1950ల చివర్లో టెలిఫుంకెన్ ఆ వాల్వు తయారీ ఆపేసింది. ఉన్న నిల్వతో కొన్నేళ్లు నెట్టుకొచ్చి, 1960ల మధ్యలో యు47నే ఆపేయాల్సి వచ్చింది. 1960లో తెచ్చిన యు67ను మాత్రం ఈఎఫ్86 మీద కట్టారు. అది అప్పట్లో బజార్లో దండిగా దొరికే వాల్వు. అంత పెద్ద కంపెనీ ఒక్క వాల్వును నమ్ముకుని ఇరుక్కుంది. మీరు ఒక డబ్బాను నమ్ముకున్నారు.

ఈ రోజు ఈసీసీ83 కొత్తగా తయారయ్యే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్లొవేకియాలో జేజే, రష్యాలోని సరాతోవ్‌లో ఒక ఫ్యాక్టరీ, చైనాలో కొన్ని. 2022 మార్చిలో రష్యా సరుకు ఆగిపోతుందన్న కబురు రాగానే మార్కెట్ ఎలా గింజుకుందో మీరూ చూసే ఉంటారు. అందుకని ఇవాళ తయారవుతున్న వాల్వుతోనే యూనిట్ నిలబడాలి. పాత వాల్వు వేస్తే ఇంకాస్త బాగుండటం వేరు, పాత వాల్వు లేకపోతే పనికిరాకపోవడం వేరు. ఈసారి కావాల్సినదానికి రెట్టింపు వాల్వులు తెప్పించండి. రెండు రోజులు వెలిగించి ఉంచండి. హిస్ కొలవండి, పెన్సిల్‌తో మెల్లగా తట్టి గంటలా మోగుతుందేమో చూడండి. నిశ్శబ్దమైనవి మొదటి స్థానానికి, కాస్త గోల చేసేవి కంప్రెసర్ వైపుకు. పారేయాల్సినవి చాలా తక్కువే తేలతాయి.

ఇక రెండో యూనిట్ హమ్. మీరు హమ్ అని ఊరుకున్నారు, 50 హెర్ట్జా 100 హెర్ట్జా రాయలేదు. ల్యాప్‌టాప్‌లో ఏదైనా ఉచిత స్పెక్ట్రమ్ ప్రోగ్రామ్ పెట్టి ముందు అది చూడండి. 100, 200, 300 దగ్గర ముళ్లలా లేస్తే, ఫిల్టర్ కెపాసిటర్లలోకి పోయే కరెంటు మీ సిగ్నల్ గ్రౌండ్ దారిలోంచి పోతోందని అనుమానించండి. మొదటి కెపాసిటర్ మైనస్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికే తెచ్చి కలపండి, అక్కడి నుంచి ఒకే ఒక్క తీగ ముందుకు తీయండి.

50 హెర్ట్జ్ అయితే వాల్వును లోపల వేడిచేసే హీటరో, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రమో. ఈ రెండిటినీ విడదీయడానికి పెద్ద ఖర్చు లేదు. ఎమర్జెన్సీ లైట్లలో ఉండే 6 వోల్టుల బ్యాటరీ ఒకటి తెండి. మొదటి వాల్వు హీటర్‌ను ట్రాన్స్‌ఫార్మర్ నుంచి విడదీసి ఆ బ్యాటరీ మీద వెలిగించండి, ఒక కొసను మాత్రం గ్రౌండ్‌కు కలపండి. హమ్ పోయిందా, దోషం హీటర్‌ది. ఆ వాల్వుకు డీసీ ఇస్తే సరిపోతుంది. పోలేదా, ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఛాసిస్ నుంచి విప్పి, జానెడు షీల్డు తీగతో బయటికి తెచ్చి, చేతిలో పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒక కోణంలో హమ్ పెరిగి, ఇంకో కోణంలో దాదాపు మాయమైతే దొంగ దొరికినట్టే.

నా అనుమానం దీని మీదే. కోఠిలో చుట్టేవాళ్ల చేతి పని బాగుంటుంది, అందులో సందేహం లేదు. కానీ మీరేం చెప్పి చుట్టించారు? '230 ఇన్‌పుట్, 250-0-250 అవుట్‌పుట్, ఇన్ని మిల్లీయాంపులు' అని చెప్పుంటారు. అలా చెబితే మైక్‌సెట్‌కు చుట్టినట్టే చుడతారు, ఇనుము తక్కువ, ఫ్లక్స్ ఎక్కువ. రాత్రి పదకొండు దాటాక లైన్ 250కి ఎక్కితే కోర్ (లోపలి ఇనుము) ఇక ఫ్లక్స్ మోయలేని సాచురేషన్ అంచుకు వెళ్లి, క్షేత్రం బయటికి చిమ్ముతుంది. 1:10 ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పట్టుకుని పెంచి వాల్వుకు అందిస్తుంది. ఈసారి 250 వోల్టుల దగ్గర కూడా కోర్‌లో ఫ్లక్స్ 1.2 టెస్లా దాటకుండా చుట్టమని చెప్పండి. కోర్ పెద్దదవుతుంది, బరువు పెరుగుతుంది, కాస్త ఎక్కువ అడుగుతారు. ఇవ్వండి. లేదా పవర్ సప్లైని వేరే పెట్టెలో పెట్టి కేబుల్‌తో కలపొచ్చు. హమ్‌కు అంతకంటే మంచి మందు లేదు. కానీ ఆ కేబుల్‌లో హై వోల్టేజీ నడుస్తుంది. స్టూడియోలో ఎవరో ఒక కుర్రాడు ఆన్‌లో ఉండగానే కనెక్టర్ పీకుతాడు. అది దృష్టిలో పెట్టుకుని కనెక్టర్ ఎంచుకోగలిగితేనే ఆ దారి.

మూడో యూనిట్ సంగతి వాల్వులకు సంబంధించింది కాదు. ఎల్‌ఏ-2ఏ గుండె వాల్వు కానే కాదు, ఆ చిన్న డబ్బాలోని వెలుగు. సిగ్నల్ పెరిగేకొద్దీ ఎలక్ట్రోల్యూమినెసెంట్ పలక వెలుగుతుంది, దాని ఎదురుగా ఉన్న ఎల్‌డీఆర్ (వెలుగును బట్టి నిరోధం మారే ముక్క) నిరోధం పడిపోయి శబ్దం తగ్గుతుంది. వదిలేటప్పుడు మొదటి సగం చకచకా వదిలి, మిగతాది సెకన్ల తరబడి నెమ్మదిగా వదులుతుంది. గొంతు మీద అది అంత సహజంగా వినపడేది ఆ రెండో సగం వల్లనే. మీ తమ్ముడు 'ఇది అది కాదు' అన్నది దాన్ని పట్టుకునే. అతని చెవి మంచిది, అతన్ని వదులుకోకండి, మాటివ్వడం మాత్రం మాన్పించండి.

ఒకే పొట్లంలోంచి తీసిన ఎల్‌డీఆర్‌లు కూడా ఒకలా ఉండవు. పైగా వాటికి జ్ఞాపకం ఉంటుంది. నిన్నంతా వెలుతురులో పడున్నదీ, సొరుగులో చీకట్లో ఉన్నదీ ఈ రోజు వేర్వేరు అంకెలు చూపిస్తాయి. అన్నిటినీ ఒకే వెలుతురులో ఒక రాత్రంతా ఉంచాక, ఒక చిన్న జిగ్‌లో (పరీక్షకు బిగించే అమరికలో) అదే పలక, అదే వోల్టేజీ పెట్టి, వదిలే వక్రరేఖను ఆసిలోస్కోప్ మీద పట్టండి. మొదటి యూనిట్ వక్రరేఖను కాగితం మీద ఎక్కించి పక్కన పెట్టుకోండి. దానికి దగ్గరగా వచ్చినవే లోపలికి. మొదటి యూనిట్‌ను అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకండి, తమ్ముడికి కూడా. మీ ప్రమాణం అదొక్కటే. (ఎప్పుడైనా యూరప్‌కు పంపాలని ఆశ ఉంటే ఇంకో మాట. ఎల్‌డీఆర్‌లో ఉండేది కాడ్మియం. ప్రమాదకర పదార్థాలపై యూరప్ పెట్టిన రోహెచ్‌ఎస్ నిబంధనల్లో ప్రొఫెషనల్ ఆడియోకు ఉన్న మినహాయింపు 2013తోనే ముగిసింది.)

మీ ఉత్తరంలో గర్వంగా రాసిన ఇంకో వాక్యం ఉంది, పవర్ సప్లైలో కూడా ఒక్క సిలికాన్ ముక్క లేదని. దయచేసి ఆ పంతం వదలండి. వాల్వు రెక్టిఫయర్‌తో (ఏసీని డీసీ చేసే వాల్వు) గిటార్ యాంప్లిఫయర్లో వచ్చే ఆ 'కుంగుడు', అంటే కరెంటు ఎక్కువ లాగినప్పుడు వోల్టేజీ పడిపోవడం, మీ యూనిట్‌లో రాదు. మీ స్టేజీలన్నీ క్లాస్-ఏ, కరెంటు ఎప్పుడూ దాదాపు ఒకటే, కుంగడానికి అక్కడ సందర్భమే లేదు. వాల్వు సిగ్నల్ దారిలో ఉండాలి. హీటర్ డీసీకి, హై వోల్టేజీ రెగ్యులేషన్‌కు సిలికాన్ వాడితే లైన్ 210 ఉన్నా 250 ఉన్నా ఎనిమిది యూనిట్లూ ఒకేలా ఉంటాయి. వినేవాడికి పంతం వినపడదు, హమ్ వినపడుతుంది.

డబ్బు లెక్క త్వరగా చూసేద్దాం. ఒక్కోదానికి సామాన్లు 62,000 అన్నారు. ఎనిమిదికి 4,96,000. వచ్చేది 8,80,000. మిగులు 3,84,000. ఒక్కో యూనిట్‌కు 60 గంటలు పడుతోందని మీరే రాశారు, మొత్తం 480 గంటలు, గంటకు 800 రూపాయలు. వినడానికి బాగానే ఉంది. కానీ ఏరివేతకు అదనంగా తెచ్చే వాల్వులు, కస్టమ్స్, జీఎస్‌టీ, దారిలో పగిలేవి, ఏడాదిలోపు రిపేరుకు తిరిగొచ్చేవి ఈ లెక్కలో లేవు. పైగా స్టూడియోల్లో గేర్ ఆర్పరు. రోజంతా వెలుగుతూనే ఉంటే ఏడాదికి 8,760 గంటలు. మామూలు చిన్న వాల్వు జీవితంలో అది పెద్ద ముక్క. వాల్వు మార్చడానికి మూత విప్పితే చాలు అన్నట్టు పెట్టె రూపొందించండి, కొలిచి ఉంచిన ఒక జత విడి వాల్వులను ధరలోనే కలిపి ఇవ్వండి. ధర 1,10,000 సరిపోదని నా అభిప్రాయం. ఈ ఎనిమిదికి మాట మార్చడం కుదరకపోవచ్చు, తొమ్మిదోదానికి మాత్రం మార్చండి.

పలక మీద పేరు గురించి. ఇందులో ఆలోచించడానికి ఎక్కువేమీ లేదు. అరవై ఏళ్ల నాటి సర్క్యూట్‌ను వాడుకోవడానికి అడ్డు లేదు, ప్రపంచంలో ఎందరో వాడుకుంటున్నారు. కానీ ఆ పేరు ఇవాళ్టికీ ఒకరి ట్రేడ్‌మార్కు, ఆ పేరుతో యూనిట్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. ఆ స్టూడియో యజమానేమో 'తెలిసినవాళ్లకు' కూడా అంటున్నారు. ఆ తెలిసినవాళ్లలో ఒకరు రేపు దాన్ని అసలుదని అమ్మితే, లోపల సోల్డరింగ్ మీది. ఆ పేరుండాలి అనేవాళ్లకు 'నా పేరు పెడతాను, లేదా ఏ పేరూ లేకుండా ఇస్తాను' అని చెప్పండి. ఆయన అందుకే ఆర్డరు రద్దు చేసుకుంటే, ఆయనకు కావాల్సింది మీ కంప్రెసర్ కాదని ముందే తెలిసినట్టు.

ఇప్పుడు ఇల్లు. మీ వారి మాటను మీరు 'అడ్డుపడటం'గా రాశారు. నాకు అలా అనిపించలేదు. ఆయన డబ్బు గురించి ఒక్క మాటా అనలేదు, వోల్టుల గురించి అన్నారు. ఆయన భయం సరైనదే, పైగా ఆయన చేసిన ఏర్పాటు చాలదు. ఈ విషయం ఇద్దరూ కలిసి చదవండి. ఆర్‌సీసీబీ చూసేది మెయిన్స్‌లో వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ ఉన్న తేడాను. మీ 290 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైపు పుడతాయి. ఒక చెయ్యి హై వోల్టేజీ మీద, ఇంకో చెయ్యి ఛాసిస్ మీద పడితే ఆ కరెంటు సెకండరీ నుంచి సెకండరీకే తిరుగుతుంది. ఆర్‌సీసీబీకి ఆ సంగతే తెలియదు, సప్లై ఆపదు. అది ఉండాల్సిందే, కానీ దాన్ని చూసుకుని ధైర్యం తెచ్చుకోకూడదు.

చేయాల్సినవి చాలా మామూలు పనులు. ఫిల్టర్ కెపాసిటర్ల మీద 220 కిలోఓంల, 2 వాట్ల రెసిస్టర్ శాశ్వతంగా ఉంచండి. మొత్తం 100 మైక్రోఫారడ్లు అనుకున్నా స్విచ్ ఆపిన రెండు నిమిషాల్లో కొన్ని వోల్టులకు దిగిపోతుంది. దిగిందని నమ్మకుండా మీటర్ పెట్టి చూడండి, రెసిస్టర్ తెగిపోయుండొచ్చు కదా. కొత్త యూనిట్ మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బోర్డు మీదే. మీ నాన్నగారి షాపులో బల్బుతో ఒకటి ఉండే ఉంటుంది. డైనింగ్ టేబుల్ మాత్రం ఖాళీ చేసేయండి. తలుపుకు గొళ్లెం ఉన్న చిన్న గది, బాల్కనీకి చెక్క పెట్టించినా సరే, లేదంటే తమ్ముడి స్టూడియోలో ఒక మూల. ఐదేళ్ల పిల్లాడున్న ఇంట్లో తెరిచిన ఛాసిస్ పెట్టి భోజనానికి లేవడం ఉండకూడదు. ఈ ఒక్కటీ చేస్తే మీ ఇద్దరి మధ్య వాదన సగానికి సగం తగ్గుతుందని నా నమ్మకం.

నాన్నగారు. ఆయన్ని ఆపాలని చూస్తున్నారు, అందుకే ఆయన ఆగట్లేదు. ఏసీ-డీసీ రేడియోల కాలం మనిషి ఆయన. ఆ సెట్లలో ప్లగ్ తిరగేసి పెడితే ఛాసిస్ అంతా కరెంటే. అలాంటివాటి మధ్య ఇన్నేళ్లు బతికి బట్టకట్టిన మనిషికి 'జాగ్రత్త' అని చెబితే అవమానంగానే ఉంటుంది. కానీ అప్పటి వేళ్లు, అప్పటి చూపు ఇప్పుడు లేవన్నదీ నిజమే. ఇక్కడ మీకు మూడు దారులున్నాయి. గట్టిగా వద్దని చెప్పి ఊరికి పంపేయడం, ప్రమాదం పోతుంది, ఆయనా పోతారు. ఏమీ అనలేక చూస్తూ ఊరుకోవడం, దీని ఫలితం నేను రాయను. మూడోది, ఆయనకు వేరే పని అప్పగించడం. బుజ్జగింపుకు ఇచ్చిన పనిలా ఉండకూడదు, నిజంగా మీకు అవసరమైనదై ఉండాలి.

అది మీ ముందే ఉంది. వాల్వులు ఏరాలి కదా. పూర్తిగా మూసిన ఒక పెట్టె తయారుచేయండి. పైన రెండు వాల్వు సాకెట్లు మాత్రమే కనపడాలి, లోపలికి వేలు పోకూడదు. పక్కన హెడ్‌ఫోన్ సాకెట్, ఒక మీటర్. వాల్వు గుచ్చడం, వేడెక్కనివ్వడం, తట్టడం, వినడం, మీటర్ అంకె నోటుబుక్కులో రాయడం. 71 ఏళ్ల చెవికి పైస్థాయి హిస్ సరిగా అందకపోవచ్చు, దానికి మీటర్ ఉంది. తట్టినప్పుడు వచ్చే మోతను, లోపల వదులుగా ఉన్న ఎలక్ట్రోడ్ గరగరను పట్టడంలో మాత్రం ఆయన ముందు మనమెవరం నిలవలేం. ప్రతి యూనిట్ వెంట వెళ్లే టెస్ట్ షీట్ మీద ఆయన సంతకం పెట్టించండి. ఛాసిస్‌లో చేతులు పెట్టడం గురించి ఇద్దరికీ ఒకే నియమం ఉండాలి, ఆయనకొకటి మీకొకటి కాదు. ప్లగ్ పీకి గోడకు దూరంగా పెట్టాకే మూత తెరవడం. మీరు అర్ధరాత్రి దాన్ని తప్పితే ఆయనకు చెప్పే హక్కు పోతుంది.

ఆర్డరు విషయానికి వస్తే, దసరాకి ఎనిమిదీ ఇవ్వడం మీరు పెట్టుకున్న గడువు కాదు. పట్టుబట్టి పూర్తి చేయొచ్చు. అప్పుడు ఆఖరి నాలుగూ ఏరని వాల్వులతో, కొలవని ఎల్‌డీఆర్‌లతో వెళతాయి. సంక్రాంతికి తిరిగొస్తాయి. హైదరాబాద్, చెన్నై స్టూడియోల వాళ్లందరూ ఒకరికొకరు తెలుసు, మంచిమాట కంటే చెడ్డమాట తొందరగా పాకుతుంది. రెండో దారి, దసరాకి రెండు, తర్వాత రెండేసి చొప్పున. ఆయన ఒప్పుకోకపోవచ్చు. కానీ నిజంగా ఆ శబ్దం కావాలనుకునేవాడు సాధారణంగా ఒప్పుకుంటాడు. మూడోది, కంప్రెసర్ పక్కన పెట్టి ముందు మైక్ ప్రీయాంప్ మాత్రమే ఇవ్వడం. ఎల్‌డీఆర్ తలనొప్పి పోతుంది, మీ సొంత డిజైన్ కాబట్టి పేరు గొడవా ఉండదు, ధర మాత్రం తగ్గించాలి. నాలుగోది అడ్వాన్సు వాపసు. మీ దగ్గర మిగిలింది 1,20,000. మిగతాది ట్రాన్స్‌ఫార్మర్ల రూపంలో ఉంది. మంచి ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లకు కట్టుకునేవాళ్లలో గిరాకీ ఉంటుంది, కొంత నష్టంతో అమ్ముడుపోతాయి. ఆయన్ను వాయిదా అడగాలి. అందులో కొంత భారం మాటిచ్చిన తమ్ముడూ మోయాలి, మొహమాటపడకుండా అడగండి. నాకు రెండోది నచ్చింది. హమ్ కారణం దొరక్కపోతే మూడోది కూడా కుదరదని, నేరుగా నాలుగోదే మిగులుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఉద్యోగం ఇప్పుడు మానకండి అనే అంటాను, కానీ మీరు అడగని ఇంకో ప్రమాదం ఉద్యోగంలోనే ఉంది. హార్డ్‌వేర్ కంపెనీల నియామక పత్రాల్లో, పనిలో ఉన్నంతకాలం మీరు రూపొందించే డిజైన్లు కంపెనీవేననీ, బయటి వ్యాపారం చేయరాదనీ షరతులు ఉండటం మామూలే. మీది తీసి చదవండి. ఉంటే, రెండో యూనిట్ అమ్మకముందే హెచ్‌ఆర్‌కు రాసి అనుమతి తీసుకోండి. కంపెనీ చేసే పనికీ వాల్వు కంప్రెసర్‌కూ సంబంధం లేకపోతే ఇవ్వడానికి అంత ఇబ్బంది పడరు. అమ్మాక తెలిస్తే మాత్రం ఆ సంభాషణ వేరుగా ఉంటుంది. మీ చేతుల్లోంచి వెళ్లిన నాలుగైదు యూనిట్లు, వేరేవాళ్ల ర్యాక్‌లో ఆరు నెలలు వెలిగి, ఒక్కటి కూడా తిరిగి రాకపోతే అప్పుడు ఉద్యోగం గురించి మళ్లీ రాయండి. ఆనాటికి లెక్క మీ చేతిలో ఉంటుంది, మీ వారి భయమూ తగ్గి ఉంటుంది.

ఆ స్టూడియో యజమానికి ఈ వారంలోనే ఫోన్ చేయండి. తమ్ముడి ద్వారా కాదు, మీరే. దసరాకి రెండు, పలక మీద మీ పేరు, ఈ రెండు మాటలే చెప్పి ఆయనేమంటారో వినండి. ఈ ఆదివారం ఆ 6 వోల్టుల బ్యాటరీ పని కూడా చూడండి. హమ్ 50 దగ్గర ఉందా 100 దగ్గర ఉందా, ట్రాన్స్‌ఫార్మర్ తిప్పితే ఏమైందో రాసి పంపితే, మిగతాది వచ్చే నెల చూద్దాం.